అడవి గోధుమను, సాగు గోధుమను పక్కపక్కన పెట్టి పోల్చడం ఎలా?

"గోధుమకు అడవి బంధువులున్నాయి అంటారు కదా, ఆ తేడాలు నా కళ్లతో నేనే చూడాలంటే ఏం చేయాలి?" విద్యార్థులూ, సైన్సు టీచర్లూ, పాత విత్తనాలు కాపాడుకునేవాళ్లూ పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. అడిగిన ప్రతివాళ్లకీ ముక్కలు ముక్కలుగా జవాబివ్వడం కంటే మొత్తం పద్ధతి ఒకచోట రాస్తే మేలనిపించింది.

ముందుగా ఒక మాట. ఈ పనిలో కొలతలు తీయడం కష్టం కాదు. దేన్ని దేనితో పోల్చాలో తేల్చుకోవడమే కష్టం. అక్కడ పొరపడితే తర్వాత ఎంత జాగ్రత్తగా కొలిచినా లాభం లేదు. అందుకే మొదటి మెట్టు మీద ఎక్కువ సేపు ఆగుతాను.

నాలుగు మాటలు గుర్తుంచుకోండి

కాడ చివర గింజలు పట్టే భాగమంతా కంకి. కంకిలో అటూ ఇటూ అమరి ఉండే చిన్న చిన్న గుత్తులు చిరుకంకులు. వాటన్నిటినీ మోస్తూ కంకి మధ్యలో మెట్లుమెట్లుగా ఉండేది నడికాడ. పైకి పొడుచుకొచ్చే గరుకు పోగులు మీసాలు. ఈ నాలుగూ తెలిస్తే చాలు.

కావలసినవి

- విత్తనాలు, లేదా ఎండబెట్టిన కంకులు
- 20 సెంటీమీటర్లకు తగ్గని లోతున్న కుండీలు, రకానికి కనీసం 10
- వెర్నియర్ క్యాలిపర్, స్కేలు, గ్రాఫ్ పేపరు
- 0.01 గ్రాము వరకు చూపే తూకం
- 10 రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం
- కంకులకు తొడగడానికి పలుచని వలసంచులు లేదా కాగితపు సంచులు
- రంగులేని నెయిల్ పాలిష్, పారదర్శకమైన టేపు, మైక్రోస్కోపు (మైక్రోస్కోపు లేకపోతే ఎనిమిదో మెట్టు వదిలేయండి)
- ఫ్రిజ్
- ఒక నోటుపుస్తకం. ఫోన్‌లో ఫోటోలు తీసినా సరే, కొలతలు మాత్రం కాగితం మీద ఉండాలి.

1. సరైన జంటను ఎంచుకోండి

ఎక్కువమంది ఏదో ఒక అడవి గడ్డిని తెచ్చి, రొట్టెగోధుమ పక్కన పెట్టి, "చూడండి, మనిషి చేతిలో ఎంత మారిందో" అంటారు. ఆ పోలిక నిలవదు. అక్కడ కనిపించే తేడాలో కొంత సాగు వల్ల వచ్చింది, కొంత క్రోమోజోముల సంఖ్య పెరగడం వల్ల వచ్చింది, ఇంకొంత గత శతాబ్దపు బ్రీడింగ్ వల్ల వచ్చింది. మూడూ కలిసిపోతే దేని వల్ల ఏది వచ్చిందో చెప్పలేం.

గోధుమ కుటుంబంలో మూడు అంతస్తులున్నాయి. 14 క్రోమోజోములవి, 28వి, 42వి. ఒకే అంతస్తులో ఉన్న అడవి రకాన్నీ, దాని నుంచి వచ్చిన సాగు రకాన్నీ జతచేయండి.

మొదటి జంట: ఐన్‌కార్న్ అనే పాతకాలపు గోధుమలో అడవిది, సాగుది. రెండింటికీ 14 క్రోమోజోములే. కొత్తవాళ్లకు నేను చెప్పేది ఈ జంటే.

రెండో జంట: ఎమ్మర్ అనే ఇంకో పాతకాలపు గోధుమలో అడవిది, సాగుది. రెండింటికీ 28. సాగు ఎమ్మర్‌నే ఖప్లీ గోధుమ అంటారు. దీనికి మూడో తోడుగా డ్యూరమ్‌ను పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది. అదీ 28 క్రోమోజోములదే, కానీ నూర్చగానే పొట్టు వదిలేస్తుంది. అడవి రకం, పొట్టు వదలని సాగు రకం, పొట్టు వదిలే సాగు రకం మూడూ ఒకే వరసలో చూసే అవకాశం ఇక్కడే దొరుకుతుంది.

మరి మనం రోజూ తినే రొట్టెగోధుమ? దానికి 42 క్రోమోజోములు. 42 క్రోమోజోములతో అడవిలో పుట్టిన పూర్వీకురాలు దానికి లేదు. సాగులో ఉన్న 28 క్రోమోజోముల గోధుమా, ఏజిలాప్స్ టౌషీ అనే 14 క్రోమోజోముల అడవి గడ్డీ కలిసి అది పుట్టింది. టిబెట్‌లో కంకి విరిగిపోయే ఒక రొట్టెగోధుమ ఉంది కానీ, దాన్ని సాగు నుంచి తప్పించుకుని మళ్లీ అడవిబాట పట్టినదిగా భావిస్తారు. కాబట్టి రొట్టెగోధుమను పోల్చాలంటే ఎమ్మర్‌నూ, టౌషీనీ రెండింటినీ పక్కన పెట్టండి. ఒక్కదానితో సరిపెట్టకండి.

హెచ్చరిక: ఇప్పటి పొట్టి గోధుమ రకాలతో ఎత్తు పోల్చకండి. ఆ పొట్టితనం జపాన్‌లో 1935లో విడుదలైన నోరిన్ 10 అనే రకం నుంచి బ్రీడింగ్ ద్వారా వచ్చింది. వేల ఏళ్ల సాగుకూ దానికీ సంబంధం లేదు. ఎత్తు కొలవాలనుకుంటే పాత నాటు రకం తీసుకోండి.

2. విత్తనం తెచ్చుకోండి, లేబుల్ చదవండి

అడవి రకాల విత్తనం జన్యుబ్యాంకుల్లో, అంటే విత్తనాలు భద్రపరిచే కేంద్రాల్లో, దొరుకుతుంది. ఇకార్డా, సిమ్మిట్ లాంటి అంతర్జాతీయ సంస్థల దగ్గర పెద్ద నిల్వలున్నాయి. ఏ బ్యాంకులో ఏముందో జెనెసిస్ అనే ఆన్‌లైన్ జాబితాలో వెతకొచ్చు. విత్తనంతోపాటు ఒక ప్రామాణిక ఒప్పందం మీద సంతకం అడుగుతారు. వేరే దేశం నుంచి వస్తే క్వారంటైన్ అనుమతి తప్పనిసరి. వ్యక్తిగా అడిగితే పని నెమ్మదిగా సాగవచ్చు, కాలేజీ ద్వారానో పరిశోధనా కేంద్రం ద్వారానో అడగడం సులువు. తెలిసినవాళ్ల చేత కవర్‌లో పెట్టించి తెప్పించుకోవద్దు. దాంతోపాటు కలుపూ, తెగులూ వస్తాయి.

ఇక లేబుల్ సంగతి. ఒకే మొక్కకు రెండు మూడు శాస్త్రీయ నామాలుంటాయి. అడవి ఐన్‌కార్న్‌ను కొందరు ట్రిటికమ్ బొయోటికమ్ అంటారు, కొందరు ట్రిటికమ్ మోనోకాకమ్ కింద ఏజిలోపాయిడిస్ అనే ఉపజాతిగా రాస్తారు. అంటే లేబుల్ మీద "మోనోకాకమ్" అని మాత్రమే ఉంటే అది అడవిదో సాగుదో తెలియదు. ఉపజాతి పేరు కూడా చూడండి. ఎమ్మర్‌కు తికమక ఇంకా ఎక్కువ. డైకాకాయిడిస్ అంటే అడవిది, డైకాకమ్ లేదా డైకాకాన్ అంటే సాగుది. చివరి అక్షరాలు చూసుకోకుండా తప్పు ప్యాకెట్ తెరిచినవాళ్లు ఉన్నారు.

ప్రత్యామ్నాయం: పెంచే వీలు లేకపోతే హెర్బేరియంలో ఎండబెట్టిన నమూనాలు చూడండి. చాలా హెర్బేరియాలు షీట్లను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టాయి. ఇది తక్కువరకం పనేమీ కాదు. అడవి ఎమ్మర్ ఉనికి మొదట బయటపడింది అలాగే. 1855లో సిరియా, లెబనాన్ సరిహద్దులోని హెర్మోన్ పర్వతం దగ్గర సేకరించిన అడవి బార్లీ నమూనాల్లో కలిసిపోయి ఉన్న ఒక గోధుమ కంకి ముక్కను 1873లో కోర్నికే అనే జర్మన్ శాస్త్రవేత్త గమనించాడు. బతికున్న మొక్కలను ఆరన్ ఆరన్‌సన్ అనే వ్యవసాయ శాస్త్రవేత్త ఇప్పటి ఇజ్రాయెల్‌లోని రోష్ పినా దగ్గర కనిపెట్టింది 1906లో. షీట్లతో పనిచేసేవాళ్లు నేరుగా ఆరో మెట్టుకు వెళ్లండి.

3. విత్తండి

అడవి గింజలు వెంటనే మొలవవు. కోసిన కొత్తలో నిద్రావస్థలో ఉంటాయి. కొన్ని నెలలు పొడిగా నిల్వ ఉన్నవే వాడండి. అడవి, సాగు అన్న తేడా లేకుండా అన్ని గింజలకూ పొట్టు తీసి విత్తండి. ఒకదాన్ని పొట్టుతో, ఇంకొకదాన్ని పొట్టు లేకుండా విత్తితే మొలక తేదీలు పోల్చడానికి పనికిరావు. అడవి ఎమ్మర్ చిరుకంకిలో మామూలుగా రెండు గింజలుంటాయి. పెద్దది ముందు మొలుస్తుంది, చిన్నది ఆగి మొలుస్తుంది. ఒక ఏడు వాన మోసం చేస్తే మరో ఏడుకు ఒక గింజ మిగలాలని మొక్క చేసుకున్న ఏర్పాటు అది. కాబట్టి ఏ గింజ ఎక్కడిదో రాసుకోండి.

తడిపిన బ్లాటింగ్ పేపరు మీద గింజలు పరిచి, తెల్లటి మొలక కనిపించగానే పేపరుతో సహా ఫ్రిజ్‌లో సుమారు 4 డిగ్రీల దగ్గర ఆరు వారాలు ఉంచండి. చాలా అడవి రకాలు చలి తగలకపోతే కంకి వేయవు. నెలల తరబడి గుబురు గడ్డిలాగే ఉండిపోతాయి. "మొక్క బాగా పెరిగింది, కంకి మాత్రం రాలేదు" అనేవాళ్లందరూ వదిలేసిన మెట్టు ఇదే. సాగు రకానికి చలి అక్కర్లేదని తెలిసినా దాన్నీ అంతే కాలం ఫ్రిజ్‌లో ఉంచండి.

ఫ్రిజ్‌లోంచి తీశాక కుండీల్లో నాటండి, ఒక్కో కుండీలో ఒక్కో మొక్క. కుండీలను రకాలవారీగా వరస పెట్టకండి, కలగలిపి పెట్టండి. ఒక పక్క ఎండ ఎక్కువ తగిలితే ఆ తేడా రకం తేడాలాగా కనిపిస్తుంది.

4. పెరుగుతుండగా చూడాల్సినవి

కుండీల్లో నాటిన నెల తర్వాత మొక్క తీరు చూడండి. అడవి రకాలు తరచు నేలకు పరుచుకుని పెరుగుతాయి, సాగువి నిటారుగా లేస్తాయి. ఫోటో పక్కనుంచి తీయండి, పైనుంచి తీస్తే ఈ తేడా కనిపించదు. పిలకలు లెక్కపెట్టండి. ఆ తర్వాత మొక్కలో మొదటి కంకి బయటికి వచ్చిన తేదీ, ఆఖరి కంకి వచ్చిన తేదీ రెండూ రాయండి. చాలామంది మొదటిది మాత్రమే రాస్తారు, కానీ అసలు సమాచారం ఆ రెండు తేదీల మధ్య ఎడంలో ఉంది. అడవి మొక్క విడతలు విడతలుగా ఈనుతుంది. సాగు మొక్క ఇంచుమించు ఒకేసారి ఈనుతుంది. ఒక్కసారే కోతకోసే మనుషుల చేతిలో వచ్చిన మార్పు అది.

కంకికి కింద ఉండే పోటాకును కొలవండి. పొడవును గరిష్ఠ వెడల్పుతో గుణించి, మళ్లీ 0.75తో గుణిస్తే ఆకు వైశాల్యం ఉజ్జాయింపుగా వస్తుంది. అయితే అడవి ఆకు సన్నగా, సాగు ఆకు వెడల్పుగా ఉంటాయి కాబట్టి ఒకే గుణకం రెండింటికీ సరిపోతుందని నమ్మేయకండి. రకానికి ఐదేసి ఆకులు గ్రాఫ్ పేపరు మీద గీసి, గళ్లు లెక్కపెట్టి సరిచూడండి. సాగులో ఆకు పెద్దదైంది. అయితే చదరపు సెంటీమీటరుకు లెక్కేస్తే పాత అడవి రకాల ఆకే ఎక్కువ చురుగ్గా కిరణజన్య సంయోగక్రియ జరుపుతుందని 1970లో ఇవాన్స్, డన్‌స్టోన్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. పెద్ద ఆకు కనిపించగానే "మెరుగైన ఆకు" అని రాయకండి.

5. కంకులకు సంచులు కట్టండి

కంకి పైకొసన పసుపు రంగు మొదలవగానే అడవి రకాల కంకులన్నిటికీ సంచి తొడగండి. రేపు కడదాం అనుకోవద్దు. మొదటిసారి నేను రెండు రోజులు ఆలస్యం చేశాను. గాలి వీచిన ఒక మధ్యాహ్నం తర్వాత చూస్తే కాడల చివర నడికాడ మొదలు తప్ప ఏమీ మిగల్లేదు. ఏడాది శ్రమ కుండీల కింద మట్టిలో కలిసిపోయింది.

అయినా పక్వానికి వచ్చే ఆ కొద్ది వారాల్లోనే మనుషులు వీటిని ఏరుకుని బతికారు. జాక్ హార్లన్ అనే శాస్త్రవేత్త 1966లో టర్కీ ఆగ్నేయ ప్రాంతంలోని కరజదాగ్ కొండల్లో చెకుముకిరాతి కొడవలితో అడవి ఐన్‌కార్న్ కోసి చూశాడు. గంట శ్రమకు, శుభ్రం చేశాక, సుమారు ఒక కిలో గింజ వచ్చింది. ఒక కుటుంబం మూడు వారాలు కష్టపడితే ఏడాదికి సరిపోయేంత పోగు చేసుకోగలదని ఆయన అంచనా వేశాడు.

సాగు రకాల కంకులకు కూడా సంచి కట్టండి. నీడ, తేమ రెండింటికీ ఒకేలా ఉండాలి.

6. విరుపు పరీక్ష: అసలు పని ఇదే

అడవిదా సాగుదా అన్నది తేల్చే గట్టి గుర్తు నడికాడ విరిగే తీరు. పరీక్ష పొడి వాతావరణంలో, మంచు పూర్తిగా ఆరిన తర్వాత చేయండి. తేమ ఉంటే పెళుసుదనం తగ్గి తప్పు జవాబు వస్తుంది.

ముందు ముట్టుకోకుండా చూడండి. బాగా పండిన అడవి కంకి పైనుంచి కిందికి ఒక్కో చిరుకంకిగా తనంతట తానే రాలుతుంది. తర్వాత కాడను పట్టుకుని నెమ్మదిగా మూడుసార్లు ఊపండి. ఎన్ని రాలాయో, ఎన్ని మిగిలాయో రాయండి. చివరగా మిగిలినదాన్ని వేళ్లతో వంచండి.

మూడు రకాల ఫలితాలు వస్తాయి. ఊపగానే రాలిపోతే అడవి తీరు. ఊపినా రాలక, నూర్చితే మాత్రం చిరుకంకులుగా విడిపోయి గింజ పొట్టులోనే ఉండిపోతే అది పొట్టు వదలని సాగు రకం. ఐన్‌కార్న్, ఎమ్మర్, స్పెల్ట్ ఇలాంటివి. నడికాడ మొత్తంగా నిలిచి, గింజలు మాత్రం పొట్టులోంచి బయటికి వస్తే డ్యూరమ్, రొట్టెగోధుమ.

అందరూ జారేది రెండో రకం దగ్గరే. "నలిపితే ముక్కలైంది, కాబట్టి అడవిది" అని రాసేస్తారు. నలిపితే సాగు ఎమ్మర్ కూడా ముక్కలవుతుంది. ఎవరూ ముట్టుకోకుండా రాలిందా అన్నదే ప్రశ్న.

ఇప్పుడు భూతద్దం తీయండి. విడిపోయిన చోట మచ్చ ఎలా ఉందో చూడండి. దానంతట అది రాలినదైతే మచ్చ నునుపుగా, శుభ్రంగా కోసినట్టు ఉంటుంది. బలవంతంగా విడదీసినదైతే చిరిగి, పీచు లేచి, గరుకుగా ఉంటుంది. తవ్వకాల్లో దొరికిన మాడిన గోధుమ ముక్కలు అడవివా, సాగువా అని పురావస్తు శాస్త్రజ్ఞులు తేల్చేది ఈ మచ్చతోనే.

మచ్చ దగ్గర రెండు జాగ్రత్తలు. పచ్చిగా ఉన్నప్పుడు కోసిన అడవి కంకిని విడదీస్తే దానికీ చిరిగిన మచ్చే వస్తుంది. అలాగే అడవి కంకిలో కూడా అడుగున ఉన్న చిరుకంకులు ఒక్కోసారి శుభ్రంగా విడవవు. కాబట్టి పూర్తిగా పండిన కంకి నుంచే, అదీ పైసగం నుంచే మచ్చలు తీసుకోండి. రకానికి 30 మచ్చలకు తగ్గకుండా చూడండి. ఒక్క మచ్చను చూసి తీర్పు చెప్పకండి.

ఏజిలాప్స్‌లు (టౌషీ లాంటి, గోధుమకు దగ్గరి బంధువులైన అడవి గడ్డులు) వాడేవాళ్లు ఇంకొకటి గమనించాలి. అడవి ఐన్‌కార్న్, అడవి ఎమ్మర్ చిరుకంకులకు నడికాడ ముక్క కింద ముల్లులా అంటుకుని వస్తుంది, మొత్తం బాణం ములుకులా ఉంటుంది. టౌషీలో నడికాడ ముక్క చిరుకంకికి పక్కన అతుక్కుని వస్తుంది, ముక్క చిన్న పీపాలా ఉంటుంది. ఏజిలాప్స్ స్పెల్టాయిడిస్‌లో ఒక రూపానికి కంకి మొత్తం ఒకటిగా ఊడిపడుతుంది, ఇంకో రూపానికి చిరుకంకులుగా రాలుతుంది. అందుకే నోటుపుస్తకంలో "విరిగింది" అని ఊరుకోకుండా ఎక్కడ విరిగిందో చిన్న బొమ్మ గీయండి.

మీసాలు కూడా ఇక్కడే చూడండి. అడవి ఎమ్మర్ చిరుకంకిని రెండు మీసాలతో సహా తడిబట్ట మీద ఉంచి, తర్వాత ఎండలో పెట్టండి. తడికి మీసాలు దగ్గరికి వస్తాయి, ఆరితే విచ్చుకుంటాయి. పగలూ రాత్రీ ఇలా ఈదుతున్నట్టు కదులుతూ గింజను మట్టిలోకి నెట్టుకుంటాయి. చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. మీసం మీద వేలిని కింది నుంచి పైకి, పై నుంచి కిందికి రాయండి. ఒక దిశలో జారుతుంది, ఇంకో దిశలో పట్టేస్తుంది.

7. నూర్పిడి, గింజ కొలతలు

రకానికి పది కంకులు మందపాటి గుడ్డలో వేసి, ఒకే మనిషి, ఒకే ఒత్తిడితో ఒక నిమిషం నలపాలి. బయటపడిన గింజలు ఎన్ని, పొట్టులో ఉండిపోయినవి ఎన్ని? మొత్తంలో బయటపడినవి ఎంత శాతమో రాయండి.

పొట్టు పూర్తిగా తీసిన గింజకు పొడవు, వెడల్పు, మందం మూడూ కొలవండి. పొడవు ఒక్కటే కొలిచి "అడవి గింజ చిన్నదేమీ కాదే" అనుకుంటారు కొందరు. నిజమే, అడవి గింజ పొడవుగానే ఉంటుంది. సన్నగా ఉంటుంది, అంతే. సాగులో పెరిగింది ముఖ్యంగా వెడల్పూ, మందమూ. పొడవును వెడల్పుతో భాగిస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

కంకి నడుమ ఉన్న చిరుకంకుల గింజలే కొలవండి. కొసన ఉన్నవి ఏ రకంలోనైనా చిన్నవే. ఐన్‌కార్న్ చిరుకంకిలో ఎక్కువగా ఒకే గింజ ఉంటుంది. అది రెండువైపులా ఉబ్బెత్తుగా, పక్కల నుంచి నొక్కినట్టు ఉంటుంది. రెండు గింజలున్న చిరుకంకి తగిలితే వాటి గాడివైపు చదునుగా ఉంటుంది, ఎందుకంటే ఒకదానికొకటి ఆనుకుని పెరిగాయి. ఒంటి గింజలనూ జంట గింజలనూ వేర్వేరు పట్టికల్లో రాయండి.

వంద గింజల చొప్పున మూడుసార్లు తూచి, సగటును పదితో గుణిస్తే వెయ్యి గింజల బరువు వస్తుంది. మూడు తూకాల మధ్య తేడా పదిశాతం దాటితే గింజలు సరిగా కలపలేదని అర్థం, మళ్లీ కలిపి తూచండి.

8. ఆకు ముద్ర (వీలైతే)

పోటాకు మీద నెయిల్ పాలిష్ పలుచగా పూసి, ఆరాక టేపుతో లాగి గాజుపలక మీద అంటించండి. మైక్రోస్కోపులో పత్రరంధ్రాల ముద్రలు కనిపిస్తాయి. రకానికి 20 రంధ్రాల పొడవు కొలవండి. క్రోమోజోములు పెరిగేకొద్దీ ఇవి సాధారణంగా పెద్దవవుతాయి. ఈ కొలతతో అడవిదో సాగుదో తెలియదు. విత్తనం ప్యాకెట్ సరైనదేనా అన్నది తెలుస్తుంది. "అడవి ఎమ్మర్" అని వచ్చినదాని రంధ్రాలు ఐన్‌కార్న్ రంధ్రాలంతే ఉంటే లేబుల్‌ను అనుమానించండి.

ఫలితం నమ్మదగినదేనా?

కొలిచిన అంకెల్లోంచి పదింటిని వేరే మనిషి చేత, రకం పేరు చెప్పకుండా మళ్లీ కొలిపించండి. ఇద్దరి కొలతలూ దగ్గరగా ఉండాలి. మచ్చల పరీక్షకు ఇది మరీ అవసరం. ఫలానాది అడవిదని ముందే తెలిస్తే కంటికి నునుపే కనిపిస్తుంది.

తర్వాత గుర్తులన్నీ ఒకే మాట చెబుతున్నాయా చూడండి. కంకి రాలుతోంది, కానీ గింజ లావుగా, పొట్టు వదులుగా ఉంటే విత్తనం కలిసిపోయి ఉండవచ్చు, లేదా సంకరం కావచ్చు. అడవి ఎమ్మర్, సాగు గోధుమలు పక్కపక్కన ఉంటే అప్పుడప్పుడు సంకరమవుతాయి. అలాంటి మొక్కను సగటులో కలపకుండా పక్కన పెట్టండి.

మొక్క మొత్తం బరువులో గింజ ఎంత శాతమో లెక్కేసేవాళ్లు సంచిలో రాలినదంతా కలిపారో లేదో రెండుసార్లు చూసుకోండి. ఈ లెక్కలో అడవి రకానికి తక్కువ శాతం రావడం మామూలే. రాలినవి వదిలేస్తే అది ఉన్నదానికంటే ఇంకా తక్కువగా తేలుతుంది.

9. పని అయ్యాక

ఏజిలాప్స్‌లు గోధుమ పొలాల్లో మొండి కలుపు. టౌషీ అయితే చైనాలో గోధుమ రైతులకు పెద్ద తలనొప్పి. మిగిలిన కంకులు, సంచుల్లో అడుగున పడ్డవి, ఊడ్చిన చెత్త అంతా కాల్చేయండి. చెత్తకుప్పలో వేయకండి, ఎరువుగుంతలో అసలే వేయకండి. కుండీ మట్టిని తోటలో పోయకుండా ఒక మూల పెట్టి, తర్వాతి చలికాలంలో తడిపి చూడండి. మొలకలు వస్తే పీకేసి, రెండో ఏడు కూడా తడపండి. ఆగి మొలిచే గింజ ఒకటి ఉండొచ్చని మూడో మెట్టులో చూశాం కదా.